లండన్ – న్యూయార్క్: దూరం ఒకటే, రానూ పోనూ సమయాలు ఎందుకు వేరు?

ప్రశ్న:
లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయానికి దూరం సుమారు 5,550 కిలోమీటర్లని దూరాలు లెక్కించే సైట్లు చెబుతున్నాయి. విమానం గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వెళ్తుందనుకుంటే 6 గంటల 10 నిమిషాల్లో చేరాలి. కానీ టైమ్‌టేబుల్‌లో పోయేటప్పుడు దాదాపు 8 గంటలు, వచ్చేటప్పుడు దాదాపు 7 గంటలు కనిపిస్తున్నాయి. పైగా భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి, పడమటికి వెళ్లే విమానానికి న్యూయార్కే ఎదురు రావాలి కదా? మరి ఆ ప్రయాణమే ఎక్కువసేపు పట్టడానికి కారణమేమిటి?

జవాబు 1:
మీరు చూసిన దూరం గోళం మీద రెండు బిందువుల మధ్య గీయగల అతి చిన్న వంపుదారిది; విమానం సరిగ్గా ఆ గీత మీదే వెళ్లదు. ఉత్తర అట్లాంటిక్ మీద మార్గాలను ఆ రోజు గాలులను బట్టి ఏ రోజుకారోజు నిర్ణయిస్తారు. ఇక టైమ్‌టేబుల్‌లోని సమయం గాలిలో ఉన్నంతసేపే కాదు, ఒక గేటు వదిలినప్పటి నుంచి మరో గేటు చేరేవరకు. రన్‌వే దాకా విమానం నెమ్మదిగా కదలడం, పైకెక్కడం, దిగడం, రద్దీగా ఉంటే దిగడానికి వంతు కోసం ఆగడం అన్నీ అందులోనే ఉంటాయి.

జవాబు 2:
రానూ పోనూ తేడాకు మాత్రం అసలు కారణం గాలి. విమానాలు ఎగిరే ఎత్తులో, అంటే దాదాపు 9 నుంచి 12 కిలోమీటర్ల మధ్య, పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలిప్రవాహం ఉంటుంది. ధ్రువాలకూ ఉష్ణమండలానికీ మధ్య ఉష్ణోగ్రతల తేడా పెరిగే చలికాలంలో అది మరింత ఉధృతమవుతుంది. భూభ్రమణం గురించి మీ సందేహానికి కూడా జవాబు ఇక్కడే ఉంది: వాతావరణమూ భూమితోపాటే తిరుగుతోంది, విమానం ఆ వాతావరణంలోనే ఎగురుతోంది, కనుక న్యూయార్క్ దానికి ఎదురు రాదు.

సగటున గంటకు 100 కిలోమీటర్ల గాలి ఉందనుకుందాం. ఎదురుగాలిలో నేలతో పోలిస్తే విమానం వేగం 800, ప్రయాణం 6 గంటల 56 నిమిషాలు. గాలి వెనుక నుంచి వీస్తే వేగం 1,000, ప్రయాణం 5 గంటల 33 నిమిషాలు. రెండూ కలిపితే 12 గంటల 29 నిమిషాలు, గాలి లేకపోతే 12 గంటల 20. ఎదురుగాలి లాక్కున్నదంతా అనుకూల గాలి తిరిగివ్వదన్న ఈ విషయం చాలామంది గమనించరు, నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా తోచేది ఇదే. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలుల ఊపుతో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 5 గంటలలోపే, 4 గంటల 56 నిమిషాలలో చేరుకుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా స్పష్టంగా అర్థమైంది, ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే లండన్‌లో ఉదయం 11కి బయలుదేరి మధ్యాహ్నం 2కి న్యూయార్క్ చేరినట్టు టికెట్టు మీద ఉంటే, దాన్ని 8 గంటల ప్రయాణంగానే లెక్కించాలా?

జవాబు 3:
అవునండీ. టికెట్టు మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే. న్యూయార్క్ గడియారం ఏడాదిలో ఎక్కువ భాగం 5 గంటలు వెనుక ఉంటుంది కనుక, కనిపించే 3 గంటలకు ఆ 5 కలపాలి. గాలితో సంబంధం లేకుండా సమయం పెరిగే సందర్భమూ ఒకటుంది. 2022లో యూరప్ విమాన సంస్థలకు రష్యా గగనతలం మూతపడిన తరువాత, తొమ్మిదిన్నర గంటలకు దగ్గరగా ఉండే హెల్సింకీ – టోక్యో ప్రయాణం సుమారు 13 గంటలకు పెరిగింది. ఆ రెండు నగరాల మధ్య దూరాన్ని సైట్లు ఇప్పటికీ పాత అంకెగానే చూపిస్తాయి, కాబట్టి మరో విమానం అందుకోవలసి ఉన్నప్పుడు దూరాన్ని వేగంతో భాగించి సమయం అంచనా వేయకండి, విమాన సంస్థ ఇచ్చిన మొత్తం ప్రయాణ సమయాన్నే చూడండి.