'గూటి దాక'నా, 'గూటమంటకుండ'నా?

ఆర్‌101 అనే హైడ్రోజన్ ఆకాశనౌక ఇంగ్లండ్ నుంచి కరాచీకి వెళ్తూ కూలినప్పటి ఆటవెలది. రెండో పాదమొక్కటే నోట్లో ఆడుతోంది: "గూటి దాక రాక కూలె నోడ". తక్కినవి ఎవరికైనా వచ్చా?

ఛందోభిమాని: "గూటమంటకుండ కూలె నోడ" కదండీ.

పల్లెవాసి: రెండింటా ఐదూ హగణాలే (గురువు, లఘువు), యతి గూ-కూ. ఛందస్సు తీర్పు చెప్పదు. నా ఓటు గూటికే. ఓడను ఉంచడానికి కట్టిన కరాచీ షెడ్డు పొడవు సుమారు 850 అడుగులు, ఓడ 777. గూడు కాక మరేమిటి?

ఛందోభిమాని: షెడ్డు మరమ్మతులకు. ప్రయాణం ముగిసేది ఓడను కట్టే స్తంభం దగ్గర, అదే గూటం. ఓడ ముక్కు నుంచి తీగతాడు వదులుతారు, కింద దాన్ని స్తంభం తాడుకు కలుపుతారు, వించి యంత్రం తాడు చుట్టుకుంటూ లాగితే ముక్కు పైకొనలో కూర్చుంటుంది. అటూ ఇటూ ఊగకుండా రెండు పక్కతాళ్లు. ఆపైన గాలి ఎటు తిరిగితే ఓడా అటే. షెడ్డు తిరగదుగా! అడ్డగాలిలో లోపలికి తోస్తే వందలమంది తాళ్లు పట్టినా తలుపుకు కొట్టుకుంటుంది. దారిలో ఆగాల్సిన ఈజిప్టు ఇస్మాయిలియాలోనూ అప్పుడున్నది స్తంభమే, గూడు లేదు.

పల్లెవాసి: గూటమంటే పశువుని కట్టేది. కట్టి వదిలేస్తాం. ఈ స్తంభం దగ్గర ఆ నిశ్చింత ఎక్కడ? పగటి ఎండకు హైడ్రోజన్ వ్యాకోచించి కవాటాల్లోంచి పోతుంది, రాత్రి చల్లబడితే తేలే బలం తగ్గి, బరువు కోసం మోసే నీళ్లు వదలాలి. ఓడలో మనిషి కాపలా ఉండాల్సిందే. పైగా ఓడ బయల్దేరిందే ఇంగ్లండ్‌లోని కార్డింగ్టన్ స్తంభం నుంచి. 'అంటకుండ' ఎలా కుదురుతుంది?

ఛందోభిమాని: కరాచీ స్తంభమని మొదటి పాదంలో ఉండి ఉంటుంది.

పాతపుస్తకం: ఆ మొదటి పాదమే కదా అడిగింది! వేమన అయితే నాలుగోది వెతికే పని లేదు, మకుటం సిద్ధం. ఆటవెలదిని అంత తేలిక చేసినవాడు మరొకడు లేడు.

పల్లెవాసి: వేమన సరే, 1930 అక్టోబర్ 5న ఫ్రాన్స్‌లోని బోవే దగ్గర 54 మందిలో 48 మంది పోయారు. ఇది చాటువులా లేదు, ఎలిజీలా (శోకగీతంలా) ఉంది.

పాతపుస్తకం: ఆ షెడ్డును కరాచీవాళ్లు 'కాలా ఛప్రా' అనేవారు. మన చప్పరం దాని చుట్టమేనని నా అనుమానం. "చప్పరమ్ము చేర" అని పాఠాంతరం ఉండొచ్చు.

ఛందోభిమాని: యతి?

పాతపుస్తకం: "చప్పరమ్ము చేర జాలదయ్యె".

పల్లెవాసి: ఇది పాఠాంతరం కాదు, కొత్త పద్యం.