ఓడ దిగాక చేతిలో ఏముండాలి: కాగితం పటమా, ఫోనా?

పెదవాల్తేరు:

వచ్చే నెలలో అమ్మానాన్నలను తీసుకుని విశాఖ నుండి విమానంలో సింగపూర్ వెళ్ళి, అక్కడ క్రూయిజ్ ఓడ ఎక్కి, పెనాంగు, ఫుకెట్ చూసి తిరిగి రావాలని అనుకుంటున్నాము. ఒక్కొక్క రేవులో మాకు దొరికేది ఆరేడు గంటలు మాత్రమే. ఓడవారు ఏర్పాటు చేసే బస్సు యాత్రలు మా నలుగురికీ కలిపితే చాలా ఖర్చు అవుతున్నందున, మా అంతట మేమే తిరగాలని నిశ్చయించుకున్నాము. నాన్నగారు అచ్చు పటం చేతిలో లేనిదే ఓడ మెట్లు దిగనంటున్నారు. ఫోన్ ఉండగా కాగితం ఎందుకని తమ్ముడు కొట్టిపారేస్తున్నాడు. మా ఇంట్లో తెగని ఈ వాదాన్ని ఇక్కడ మీ ముందు పెడుతున్నాను. ఓడల్లో తిరిగిన అనుభవం ఉన్నవారు ఏది మేలో, ఎందుకు మేలో కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

నీలిచుక్క:

మీ తమ్ముడి మాటే సరైనదని నా అభిప్రాయం. కాగితం పటం ఊరంతా చూపుతుంది గానీ, ఆ ఊరిలో మీరు ఎక్కడ నిలబడ్డారో చెప్పలేదు. కొత్త ఊరిలో మనిషికి మొదట కావలసినది అదే. ఫోన్‌లోని జీపీఎస్ ఉపగ్రహాల నుండి సంకేతం అందుకుంటుంది కనుక, సిమ్ లేకపోయినా, నెట్ లేకపోయినా, ముందుగా పటం దింపుకుని ఉంటే మీరున్న చోటును నీలి చుక్కగా చూపుతూనే ఉంటుంది. పెద్దవారికి చత్వారం ఉంటే అచ్చు పటంలోని చీమతల అక్షరాలు కనబడవు, ఫోన్‌లో రెండు వేళ్ళతో పెద్దవి చేసుకోవచ్చు. ఫుకెట్‌లో థాయ్ లిపిలో ఉన్న బోర్డును కెమెరాతో చదివించుకోవచ్చు, మీ నాన్నగారు బజారులో వెనుకబడితే ఆయన ఎక్కడున్నారో చూసుకోవచ్చు.

ఇంకొక విషయం కూడా గమనించాలి. ఓడలో ఉచితంగా పంచిపెట్టే రేవు పటాలను చాలామంది నిష్పాక్షికమైనవని అనుకుంటారు. వాటిలో అధిక భాగం ప్రకటన సొమ్ము చెల్లించిన నగల దుకాణాలను, గడియారాల దుకాణాలను పెద్ద అక్షరాలతో చూపేవే. గుడి ఎక్కడుందో వెదుక్కోవాలి, వజ్రాల అంగడి మాత్రం పటం మధ్యలో ఉంటుంది. కాగితం కదా అని నమ్మదగినది అయిపోదు.

లంగరు:

నీలిచుక్క గారు చెప్పిన వాటిలో కాదనదగినది ఏదీ లేదు. ఓడలో పంచే పటం గురించి ఆయన అన్న మాట అక్షరాలా నిజం, అందుకే నేను ఆ పటాన్ని ముట్టుకోను, రేవు బయట పర్యాటక సమాచార కేంద్రం ఉంటే అక్కడ ఇచ్చే నగర పటాన్నే తీసుకుంటాను. అయితే ఆయన వాదన ఏ ఊరికైనా వెళ్ళే ప్రయాణికునికి వర్తిస్తుంది, ఇక్కడ అడిగినది ఓడ దిగిన ప్రయాణికుని గురించి. రైలులో ఊరికి వెళ్ళినవారు దారి తప్పితే ఒక పూట ఆలస్యమవుతుంది గానీ వారి బస ఉన్నచోటే ఉంటుంది. ఓడ దిగినవారి బస సాయంత్రానికి లంగరు ఎత్తి వెళ్ళిపోతుంది. అందుచేత వారికి రోజంతా మనసులో ఉండవలసిన దిక్కు రేవు ఉన్న దిక్కు. ఫోన్ మనం అడిగిన చోటికి దారి చూపుతుంది, ఆ చోటు దగ్గరపడే కొద్దీ తెర మీద నుండి రేవు జారిపోతుంది. మడత విప్పిన కాగితంలో రేవు ఒక అంచున ఎప్పుడూ కనబడుతూనే ఉంటుంది.

పెనాంగు సంగతే తీసుకోండి. స్వెట్టెన్‌హామ్ పియర్ అనే ఓడరేవు దాటి బయటకు రాగానే దగ్గరలోనే ఒక గడియార స్తంభం ఉంటుంది. విక్టోరియా రాణి ఏలుబడికి అరవై ఏళ్ళు నిండిన 1897 నాటి వేడుకకు గుర్తుగా, ఏడాదికి ఒక అడుగు చొప్పున అరవై అడుగుల ఎత్తున కట్టినది. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన జార్జ్‌టౌన్ పాత పేటకు అక్కడి నుండి నడిచి వెళ్ళవచ్చు. మారియమ్మన్ గుడి, దానికి కాస్త దూరంలోనే కపితాన్ కెలింగ్ మసీదు ఉన్నాయి. (కెలింగ్ అన్న ఆ మాట మన కళింగం నుండే వచ్చిందని చెబుతారు, అక్కడ నిలబడినప్పుడు విశాఖవాసిగా నాకు ఒళ్ళు పులకరించింది.) ఆ మసీదు ఉన్న వీధిని పటంలో మలయ్ పేరుతో చూపుతారు, అక్కడి పాతకాలపు మనుషులు మాత్రం ఇంకా పిట్ స్ట్రీట్ అనే అంటారు. విశాఖ నగరాభివృద్ధి సంస్థ వుడా 2018లో వీఎంఆర్‌డీఏగా మారినా మనం వుడా పార్కు అనే అంటున్నట్లే. ఇటువంటి పేటలో కాగితం తెరిచి, ‘ఇది గడియార స్తంభం, నేను దీని దగ్గరకు పోవాలి’ అని వేలు పెట్టి చూపితే, పూల దండలు అమ్ముకునే ముసలమ్మ కూడా పటం మీదకు వంగి దారి చెప్పింది. ఫోన్ చూపితే చాలామంది దాన్ని చేతిలోకి తీసుకోవడానికి మొహమాటపడతారు.

ఇక ఫుకెట్‌లో మాకు జరిగినది చెప్పక తప్పదు. మా ఓడ పటాంగ్ తీరం దగ్గర సముద్రంలో నిలిచి, మమ్మల్ని చిన్న బోట్లలో ఒడ్డుకు దింపింది. తిరిగి తీసుకువెళ్ళే చివరి బోటు ఓడ గడియారం ప్రకారం సాయంత్రం 5 గంటలకని ముందు రాత్రి గదికి వచ్చిన కార్యక్రమ పత్రంలో ఉన్నది. ఆ సమయాన్నీ, దిగిన చోటునూ నేను పటం మూల పెన్సిల్‌తో రాసుకున్నాను. మధ్యాహ్నం దాటాక కొబ్బరి బోండాలు తాగుతూ కూర్చున్నప్పుడు మా చెల్లెలు ఫోన్ చూసి, ఇంకా 3.40 మాత్రమే అయింది, తీరిగ్గా వెళదామన్నది. నా చేతి గడియారంలో 4.40 అయింది. థాయ్‌లాండ్ సమయం సింగపూర్ సమయానికి ఒక గంట వెనుక ఉంటుంది. ఒడ్డున సిగ్నల్ అందగానే ఆమె ఫోన్ దానంతట అదే అక్కడి సమయానికి మారిపోయింది, ఓడ మాత్రం సింగపూర్ సమయాన్నే ఉంచుకున్నది. చెప్పులు చేతబట్టుకుని, అమ్మ చేయి పట్టుకుని, ఇసుకలో పడుతూ లేస్తూ నడిచి ఆ చివరి బోటు అందుకున్నాము. ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు. అప్పటి నుండి నేను ఈ విషయంలో ఎవరితోనూ రాజీపడను.

దిక్సూచి:

ఒక చిన్న సవరణ. పటం దింపుకున్నాము కదా అని ధీమాగా ఉండవద్దు. నెట్ లేనప్పుడు గూగుల్ మ్యాప్స్ కారు దారి మాత్రమే చెబుతుంది, నడక దారి చెప్పదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే, ప్రజలే కలిసి తయారుచేసిన ఉచిత పటం సమాచారంతో పనిచేసే ఆర్గానిక్ మ్యాప్స్ వంటి యాప్‌లు నెట్ లేకుండానే నడక దారి కూడా చూపుతాయి. ఓడలో ఉన్నంతసేపు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి. నడిసముద్రంలో అది ఓడ సొంత సెల్ నెట్‌వర్క్‌కు తగులుకుంటే బిల్లు తడిసి మోపెడవుతుంది.

నీలిచుక్క:

లంగరు గారూ, మీ తల్లిగారు ఆనాడు పడిన ఆందోళన నాకు అర్థమైంది. అయితే ఆ రోజు మిమ్మల్ని కాపాడినది చేతి గడియారం, పటం కాదు. ఫోన్‌లో సమయం దానంతట అది మారకుండా ఒక్క మీట నొక్కి ఆపవచ్చు. పరికరాన్ని సరిగా అమర్చుకోకపోవడాన్ని పరికరం లోపంగా లెక్కించకూడదు. పైగా పటాంగ్ వంటి చోట వాన కురిస్తే కాగితం ఎంతసేపు నిలుస్తుంది?

లంగరు:

గడియారం విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. ఆ మీట ఉన్నదని ఓడలో ఎంతమంది పెద్దవారికి తెలుసునన్నదే నా ప్రశ్న. వాన మాట నిజమే, నేను పటాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంటాను.

మన ఊరి వైపు నుండి కూడా దీన్ని చూడాలి. విశాఖ రేవుకు 1933 అక్టోబరు 7న వచ్చిన తొలి ఓడ జలదుర్గ ప్రయాణికుల ఓడే. 2023 సెప్టెంబరులో ఇక్కడ అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది, 2024 ఏప్రిల్‌లో ది వరల్డ్ అనే నౌక వచ్చి వెళ్ళింది. ఇకపై దిగబోయే విదేశీయులు మన వీధుల్లో ఎలా తిరుగుతారు? ఒక పూట కోసం వచ్చినవారికి ఇక్కడి సిమ్ దొరకడం సులభం కాదు, పాస్‌పోర్టు, వీసా కాగితాలు చూపి, అది పనిచేసే దాకా ఆగాలి. కొందరు తెచ్చుకునే శాటిలైట్ ఫోన్‌ను మన దేశంలో అనుమతి లేకుండా వాడటం నేరం.

ఒకసారి ఆర్.కె. బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ముందు ఒక విదేశీ జంట నన్ను ఆపి, డాల్ఫిన్ నోస్ మీది దీపస్తంభానికి నడిచి వెళ్ళవచ్చా అని అడిగారు. వారి ఫోన్‌లో నెట్ లేదు, తెర మీద చుక్క ఒక్కటే ఉంది, చుట్టూ ఖాళీ గళ్ళు. కంటికి ఆ కొండ చేయి చాస్తే అందేలా ఉంటుంది. నా దగ్గరున్న రసీదు వెనుక సముద్రాన్ని ఒక గీతగా, హార్బరు కాలువను రెండు గీతలుగా గీసి, ఓడలు వచ్చే ఈ నీరు మధ్యలో అడ్డం ఉన్నదని, రోడ్డు మీద వెళ్ళాలంటే హార్బరును చుట్టి కాన్వెంట్ జంక్షన్, సింధియా మీదుగా పోవాలని చూపాను. వారికి వెంటనే అర్థమైంది. ఆ రసీదును వారు మడిచి జేబులో పెట్టుకోవడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లుంది.

టెర్మినల్ గేటు దగ్గర అటువంటి పటం ఒకటి అచ్చువేసి ఇవ్వాలని నా కోరిక. పేర్లు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉండాలి, అప్పుడు ప్రయాణికుడు వేలు పెట్టిన చోటును ఆటో డ్రైవరు చదువుకోగలడు. జగదాంబ, పూర్ణా మార్కెట్, పాతపోస్టాఫీసు వంటి మనం పలికే పేర్లే వేయాలి. రాస్ కొండ మీది చర్చి, దర్గా కొండ, వెంకటేశ్వర కొండ హార్బరుకు ఎదురుగా ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి, దారి తప్పినవారికి అంతకు మించిన గుర్తు ఈ ఊరిలో లేదు. ఫోటోలు తీయకూడని నౌకాదళ ప్రాంతాలను వేరే రంగులో చూపాలి.

దిక్సూచి:

ఆ పటం మీద దూరం ఎంతో తెలిపే కొలత గీత కూడా ఉండాలి. చాలా పర్యాటక పటాల్లో అది ఉండదు, అందువల్ల కైలాసగిరి, తొట్లకొండ పక్కపక్కనే ఉన్నట్లు అనిపిస్తాయి.

పెదవాల్తేరు:

అందరికీ కృతజ్ఞతలు. తమ్ముడు మీ మాటలన్నీ చదివి, నలుగురి ఫోన్లలోనూ సమయం మారకుండా ఆపివేయడానికీ, నడక దారి చూపే పటాలు దింపడానికీ ఒప్పుకున్నాడు. నేను పెనాంగు పటాన్ని ఏ3 కాగితం మీద రెండు ప్రతులు తీయించాను, ఒకటి నాన్నగారికి, ఒకటి అమ్మకు. అమ్మ ఇంగ్లీషు చదవలేదు కనుక వీధుల పేర్లను నాన్నగారే తెలుగులో పక్కన రాస్తున్నారు. గడియార స్తంభం చుట్టూ నిన్న రాత్రే ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. పటాంగ్ తీరానికి కొలత గీత ఉన్న స్పష్టమైన పటం మాకు ఇంకా దొరకలేదు, ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి తెలియజేయగలరు.