పల్మనరీ హైపర్‌టెన్షన్ అన్నారు, స్పెషలిస్టు దగ్గరికి ఏమేం పట్టుకెళ్లాలి?

అల్వాల్_అబ్బాయి:
అమ్మకి 58. ఊపిరితిత్తులకు వెళ్లే ధమనుల్లో ఒత్తిడి ఎక్కువ, అదే పల్మనరీ హైపర్‌టెన్షన్ అన్నారు. ఎకోలో (గుండె స్కానింగు) ఆర్‌వీఎస్‌పీ (కుడి జఠరికలో ఒత్తిడి) 63, ‘సివియర్ పీఏహెచ్’ అని వచ్చింది. మంగళవారం స్పెషలిస్టు అపాయింట్‌మెంటు. ఏం పట్టుకెళ్లాలి, ఏం అడగాలి?

కవాటం:
ముందు ఆ 63 సంగతి. అది నేరుగా కొలిచింది కాదు, లెక్కకట్టింది. గుండె కుడివైపు ట్రైకస్పిడ్ వాల్వు (కవాటం) దగ్గర వెనక్కి చిమ్మే రక్తం వేగం సెకనుకు 3.7 మీటర్లు అనుకోండి. 4 × 3.7 × 3.7 అంటే దాదాపు 55. కుడి కర్ణికలో ఒత్తిడి 8 ఉండొచ్చని అంచనా వేసి కలిపితే 63. వేగం సరిగ్గా దొరక్కపోతే లెక్కంతా తప్పుతుంది. ‘సివియర్ పీఏహెచ్’ అని మన ఎకో రిపోర్టుల్లో ఒత్తిడి బాగా ఎక్కువున్న వాళ్లెవరికైనా రాసేస్తుంటారు, నిజానికి పీఏహెచ్ అంటే ధమనుల్లోనే లోపమున్న రకం ఒక్కటే, కాబట్టి ఆ మాటతో కారణం తేలదు. ఎడమ గుండె జబ్బా, ఊపిరితిత్తుల జబ్బా, పాత రక్తపు గడ్డలా, ధమనుల్లోనే లోపమా? మందు దీన్నిబట్టే కాబట్టి స్పెషలిస్టు మొదటి పని అది తేల్చడమే.

ఖాయం చేసేది రైట్ హార్ట్ క్యాథ్, అంటే సన్నటి గొట్టాన్ని గుండె కుడివైపుకి పంపి ఒత్తిడి నేరుగా కొలవడం. అందులో ఊపిరితిత్తుల ధమనిలో సగటు ఒత్తిడి 20 దాటిందా, వెడ్జ్ ప్రెషర్ (ఎడమ గుండెవైపు ఒత్తిడిని సూచించేది) 15 లోపుందా పైనుందా చూస్తారు. వెడ్జ్ ఎక్కువుంటే మూలం ఎడమవైపున్నట్టు. అలాంటప్పుడు ధమనుల జబ్బు మందులు మేలు చేయకపోగా ఊపిరితిత్తుల్లో నీరు చేర్చే ప్రమాదం ఉంది. ఎవరో చెప్పారని ఈలోపు సిల్డెనాఫిల్ (ఆ ధమనుల మందుల్లో ఒకటి) కొని మొదలుపెట్టకండి.

ఎర్రగడ్డ_భాయ్:
కాయితాలు తారీఖు వరసల పెట్టుకో అన్నా, కొత్తది పైన. ఎకో రిపోర్టు ఒక్కటే సరిపోదు, వీడియోలున్న సీడీ గావాలె. కుడి జఠరిక ఎంత పెద్దగైందో డాక్టర్ సార్ సొంతంగ చూసుకుంటడు. సీటీ గూడ అంతే, ఫిల్ముకు ఫోన్ల తీసిన ఫోటో పనికిరాదు. సీడీ ముందే పెట్టి చూడు, ఒక్కోసారి ఖాళీదే చేతిల వెడ్తరు.

బోరబండ_రమ:
పెన్‌డ్రైవ్‌లో కూడా ఎక్కించుకోండి, కానీ దాన్నే నమ్ముకోవద్దు. చాలా ఆసుపత్రుల కంప్యూటర్లలో పెన్‌డ్రైవ్ పెట్టనివ్వరు.

మందులు చీటీ మీద రాసుకెళ్లడం కంటే స్ట్రిప్పులే సంచిలో వేసుకెళ్లడం నయం. షాపువాళ్లు స్ట్రిప్పు కత్తిరించి ఇస్తారు కదా, పేరున్న ముక్క వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. మిగిలిన ముక్క మీద మిల్లీగ్రాములు కూడా కనబడవు. అలాంటివాటికి బిల్లు జతచేయండి. జలుబుకి వేసుకునే ముక్కు దిబ్బడ మాత్రలు, ఆయుర్వేదం, ఎప్పుడో బరువు తగ్గడానికి వాడినవి, అన్నీ చెప్పాల్సిందే. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ ఇంట్లో ఉంటే తప్పకుండా చెప్పండి. దానితో సిల్డెనాఫిల్ గానీ, అదే కోవకి చెందిన టడాలాఫిల్ గానీ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

కవాటం:
వీక్యూ స్కాన్ (ఊపిరితిత్తుల్లో గాలి, రక్తం ఎక్కడెక్కడికి చేరుతున్నాయో చూసేది) అయిందా? రిపోర్టుల్లో లేకపోతే మీరే అడగండి. సీటీ యాంజియోలో (రక్తనాళాల సీటీ) గడ్డలు లేవన్నంత మాత్రాన పాత గడ్డలు లేనట్టు కాదు, వాటిని పట్టడంలో వీక్యూ మెరుగు. పాత గడ్డల వల్ల వచ్చే రకానికి కొందరిలో ఆపరేషన్‌తోనే గడ్డలు తీసేయొచ్చు, అందుకే ఇది వదిలేయకూడదు. న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్నచోటే చేస్తారు, నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. గతంలో కాలు వాచి గడ్డ కట్టినా, ప్లీహం తీసేసినా, పదే పదే గర్భస్రావాలైనా రాసుకెళ్లండి.

సంతోష్‌నగర్_పిన్ని:
‘ఆయాసం వస్తోంది డాక్టర్’ అంటే వాళ్లకి ఏమీ తెలియదు బాబూ. మెట్రో స్టేషన్ మెట్లు ఆగకుండా ఎక్కగలరా, మధ్యలో ఎన్నిసార్లు ఆగుతారు, స్నానం చేసొచ్చి చీర కట్టుకునేసరికే దమ్ము వస్తోందా? ఆర్నెల్ల క్రితం ఎలా ఉండేది? ఇలా చెప్పాలి. కళ్లు తిరగడం వేరు, సొమ్మసిల్లి పడిపోవడం వేరు. మనవాళ్లు రెండింటినీ ‘కళ్లు తిరిగాయి’ అనేస్తారు. రెండోది ఒక్కసారి జరిగినా తేదీతో చెప్పండి. చలికి వేళ్లు తెల్లబడటం, కీళ్లనొప్పులు, గురక, ఊళ్లో ఏళ్లతరబడి కట్టెలపొయ్యి దగ్గర వంట, ఇవన్నీ కారణం వెతకడానికి పనికొస్తాయి.

ఆక్సిమీటర్ రీడింగు అయిదు నిమిషాలు కూర్చున్నాక ఒకటి, నడిచిన వెంటనే ఒకటి. గోళ్లరంగున్నా, గోరింటాకు ముదురుగా పండినా, వేళ్లు చల్లబడినా తప్పు చూపిస్తుంది. బరువు రోజూ పొద్దున్నే, టిఫినుకి ముందు, అదే మెషీను మీద. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఉప్పెక్కువుండే ఆవకాయ సంగతి డాక్టరే చెబుతారు, ఈలోగా తగ్గించండి.

అల్వాల్_అబ్బాయి:
లాసిక్స్ (ఒంట్లో నీరు మూత్రంగా పంపే మాత్ర) వాడుతోంది. దారిలో బాత్రూం ఇబ్బందని ఆ రోజు మానేస్తానంటోంది.

సంతోష్‌నగర్_పిన్ని:
అస్సలు మాన్పించొద్దు. వేళ కాస్త మార్చుకోవచ్చా అని రాసిచ్చిన డాక్టర్‌ని ఫోన్లో అడగండి. ఆరు నిమిషాల నడక పరీక్ష పెట్టే అవకాశముంది, జారని చెప్పులు, తేలిగ్గా టిఫిను చాలు. చేతికర్ర వాడే అలవాటుంటే దానితోనే నడవాలి.

బోరబండ_రమ:
అడగాల్సినవి: ఏ గ్రూపు (కారణాన్నిబట్టి రకం) అనుకుంటున్నారు, క్యాథ్ ఎప్పుడు, రక్తం పల్చబడే మందు వాడుతుంటే క్యాథ్‌కి ముందు ఏం చేయాలి, మందుకి నెలకి ఎంతవుతుంది. బోసెంటాన్ (ఇదీ ధమనుల మందే) రాస్తే నెలనెలా లివర్ టెస్టు ఉంటుంది, ఆ ఖర్చు కూడా లెక్కేసుకోండి. ఆరోగ్యశ్రీ కార్డుంటే అడ్మిషన్‌కి ముందే ఆరోగ్యమిత్రని కలవండి. చేరాక అడిగితే పరుగులు ఎక్కువ.

ఎర్రగడ్డ_భాయ్:
గీలోపు కూసున్నకాడనే దమ్ము వచ్చినా, పెదాలు నీలంగైనా, సొమ్మసిల్లి పడ్డా మంగళారం దాంక ఆగద్దు. 108కి ఫోన్ చెయ్యి, ఫైలు గూడ చేతిల వట్టుకో.