అప్‌డేట్: ఎంత తిన్నా బరువు పెరగట్లేదన్న ప్రశ్నకు కారణం దొరికింది

బెంగళూరు పీజీలో మూడు పూటలా కడుపునిండా తింటున్నా బరువు పెరగకపోగా తగ్గుతోందని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. ముఖ్యంగా "దడ, చేతుల వణుకు కూడా ఉన్నాయంటున్నావు, ముందు థైరాయిడ్ చూపించుకో తమ్ముడూ" అన్న అక్కకి.

అదే తేలింది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను) దాదాపు సున్నా, ఎఫ్‌టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోను) బాగా ఎక్కువ. యాంటీబాడీ టెస్టు చూసి గ్రేవ్స్ వ్యాధి అన్నారు, అంటే మన రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్‌ను రెచ్చగొట్టి హార్మోను ఎక్కువ చేయించడం. థైరాయిడ్ హార్మోను ఎక్కువైతే ఒళ్ళు తిన్నదంతా ఖర్చు పెట్టేస్తుంది, కండతో సహా. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడేవాళ్ళు టెస్టుకు ముందే డాక్టరుకు చెప్పండి. బయోటిన్ వల్ల కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో ఈ జబ్బు లేకపోయినా ఉన్నట్టు రిపోర్టు రావచ్చు.

థైరాయిడ్ హార్మోను తయారీని తగ్గించే కార్బిమజోల్ మాత్ర మొదలుపెట్టాక ముందు దడ తగ్గింది, ఆ తర్వాతే తూకం ముల్లు కదిలింది. ఈ మాత్ర వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్ర ఆపేసి వెంటనే తెల్లరక్తకణాల పరీక్ష చేయించుకోవాలట. ఈ మాత్రతో ఆ కణాలు పడిపోవడం అరుదే, కానీ పడిపోతే ప్రమాదం.

బరువు కోసం అందరూ చెప్పే మాస్ గెయినర్ పొడి డబ్బా, నులిపురుగుల మాత్ర, అరటిపండు మిల్క్‌షేక్... నా విషయంలో వీటికి సంబంధమే లేదు. పీజీ సాంబారుదీ తప్పు లేదు, బెల్లం సంగతి పక్కనపెడితే.

ఇప్పుడు గుడ్లు, పెరుగు, వేయించిన పల్లీలు, రాగిముద్ద మీద నెయ్యి. బేకరీ పఫ్‌లతో పెరగొద్దన్నారు. ఎందుకంటే జబ్బు అదుపులోకొచ్చాక పాత ఆకలితోనే తింటే బరువు హద్దు దాటుతుంది.

ఇంకోటి, ఎఫ్‌టీ4 ముందు దిగుతుంది, టీఎస్‌హెచ్ మామూలుకి రావడానికి నెలలు పట్టొచ్చు. రెండో రిపోర్టు చూసి మందు పనిచేయట్లేదనుకోకండి.