పడమటి ఎండ, నల్లరేగడి, ఉప్పు బోరు: ఏం నాటితే బతుకుతాయి?

గోరంట్ల పెరడు:
నమస్కారమండీ. గుంటూరు గోరంట్లలో ఇల్లు కట్టుకుని రెండేళ్లయింది. పడమర వైపు పెరడు 45 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. మధ్యాహ్నం రెండు దాటితే ఆ వైపు పడకగది గోడ మీద చెయ్యి పెట్టలేం. రాత్రి పదింటికి కూడా గోడ వెచ్చగానే ఉంటుంది. నేల నల్లరేగడి. ఇప్పుడు బీటల్లో నా చెయ్యి మణికట్టు దాకా దూరుతోంది. బోరు నీళ్లు కాస్త ఉప్పన, బకెట్ అంచున తెల్లటి చార కడుతుంది. కుళాయి నీళ్లు తాగడానికీ వంటకే సరిపోతాయి.

నిరుడు ఏప్రిల్‌లో నర్సరీ నుంచి ఆరు గులాబీలు, నాలుగు మందారాలు, ఒక సంపెంగ, రెండు అరెకా పామ్‌లు తెచ్చాను. రోజూ రెండు పూటలా నీళ్లు పోశాను. ఆగస్టు నాటికి ఒక్క మందారం మిగిలింది, దానికీ పిండినల్లి పట్టింది. ఎండకు తట్టుకునే చెట్లు, పూల మొక్కలు చెప్పండి. ఈ వారమే తెచ్చి నాటాలని ఉంది. మా అత్తగారికి పూజకు పూలు కావాలి, మా వారికి ఆ గోడకు నీడ కావాలి. నాకైతే అవి బతికితే చాలు.

బ్రాడీపేట:
కోనోకార్పస్ వరసగా పెట్టేయండి. నీళ్లు పోసినా పోయకపోయినా ఏడాదిలో పచ్చటి గోడలా లేస్తుంది.

నల్లపాడు మాస్టారు:
ఆ చెట్టు జోలికి మాత్రం పోవద్దు. పైపుల్లోకి, కాలువల్లోకి వేళ్లు దూరుస్తుంది. గుజరాత్‌లో 2023లో దాన్ని నాటవద్దని ప్రభుత్వమే నిషేధం పెట్టింది. పచ్చటి గోడ మాట నిజమే గాని, దాని వెనక సెప్టిక్ ట్యాంకు కూడా ఉంటుంది కదా.

గోరంట్ల అమ్మా, ముందు ఒక్క ప్రశ్న. చచ్చిన మొక్కలను పీకినప్పుడు వేళ్లు చూశారా?

గోరంట్ల పెరడు:
చూశాను మాస్టారూ. సంపెంగ వేళ్లు సంచి ఆకారంలోనే గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి, పక్కకు ఒక్కటీ పాకలేదు. నల్లబడి కుళ్లిన వాసన వేశాయి. గులాబీలకు మాత్రం మొదట ఆకుల అంచులు కాలినట్టు ఎండిపోయాయి. గుంతలు తీసి ఎర్రమట్టి, పశువుల ఎరువు నింపే నాటాను. అందరూ అలాగే చెప్పారు.

నల్లపాడు మాస్టారు:
అయితే మనం ఎండను ఊరికే ఆడిపోసుకుంటున్నాం.

నల్లరేగడి తడిస్తే ఉబ్బి మూసుకుపోతుంది. అందులో గుంత తీసి వదులుగా ఉండే ఎర్రమట్టి నింపితే అది నేలలో పాతిన గోలెం లాంటిదే. పోసిన నీరు, కురిసిన వాన అంతా అందులోకే దిగి అక్కడే నిలుస్తుంది. వేళ్లకు గాలి ఆడదు, కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీరు పీల్చలేదు కాబట్టి పైన మొక్క వాడుతుంది. పాపం దాహమేమో అని మనం ఇంకో బిందె గుమ్మరిస్తాం. నేను ఒక సపోటాను, రెండు కరివేపాకు మొక్కలను ఇలాగే ప్రేమగా ముంచి చంపాను. ఇక గులాబీ ఆకుల అంచులు కాలడం ఉప్పు పని. రోజూ కాసిన్ని నీళ్లు పైపైన చల్లితే నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం పైపొరలోనే పేరుకుంటుంది.

అందుకని నర్సరీలో ‘ఎండకు తట్టుకునేవి’ అని అడగకండి, ఉన్నవన్నీ చూపిస్తారు. వానాకాలంలో నాలుగు రోజులు నీరు నిలిస్తే బతుకుతుందా, ఉప్పు నీటికి ఓర్చుకుంటుందా అని అడగండి. నీడ కోసమైతే ఇంకొకటి కూడా: మే నెలలో దానికి ఆకు ఉంటుందా? ఇది చాలామందికి తట్టదు. రేల చెట్టు ఏప్రిల్, మే నెలల్లో పసుపు గుత్తులతో కళ్లు చెదిరేలా ఉంటుంది గాని, అప్పటికి ఆకు దాదాపు రాలిపోయి ఉంటుంది. తురాయి కూడా అంతే, నిండుగా ఆకు వేసేసరికి వేసవి అయిపోవస్తుంది. పైగా దాని కొమ్మలు పెళుసు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు మా వీధిలో పడ్డ రెండు చెట్లూ తురాయిలే. అవి వీధికి అందం, మీ పడకగదికి ఆసరా కావు.

మీ గోడకు కానుగ నాటండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాల్చి, ఉగాది దాటేసరికి మళ్లీ లేతాకుతో నిండిపోతుంది. మేలో దాని కింద మంచం వేసుకోవచ్చు. కరవు, నిలవ నీరు, ఉప్పు మూడింటికీ ఓర్చుకునే చెట్లు మన దగ్గర తక్కువ, ఇది వాటిలో ఒకటి. ఒకటే పెట్టండి, ఇంటి గోడకు 12 అడుగులు వదిలి. నల్లరేగడిలో పెద్ద చెట్టు పునాదికి దగ్గరైతే అది నీరు లాగినప్పుడల్లా నేల కుంగి గోడ బీటవేస్తుంది. కానుగ ఆకుల మీద సన్నటి బుడిపెలు వస్తాయి, కంటికి కనిపించని నల్లి పని అది. చూడటానికి బాగుండదు, చెట్టుకు మాత్రం ఏమీ కాదు. మందులు కొట్టకండి.

వేప మీద అందరికీ మమకారమే. నీడకు వంక లేదు గాని నీరు నిలిస్తే ఓర్వదు, మీ పెరట్లో మెరక ఉంటేనే. తూర్పు వైపు చిన్న జాగా ఉంటే పొగడ పెట్టండి. చాలా నెమ్మదిగా పెరుగుతుంది, తొందరపడేవారికి పనికిరాదు. కాని ఏడాదంతా ఆకు ఉంటుంది. తెల్లవారేసరికి కింద రాలే పూలు ఎండినా వాసన పోదు.

గోరంట్ల పెరడు:
అత్తగారి పూల సంగతి?

నల్లపాడు మాస్టారు:
రోజూ పూజకు నందివర్ధనం, గన్నేరు. రెండూ మొండివే. గన్నేరుకు ఎండ, ఉప్పు లెక్కలేదు గాని ఆకు, పువ్వు, కొమ్మ అంతా విషమే. ఇంట్లో పసిపిల్లలుంటే మానేయండి. దేవగన్నేరుకు మొక్క కొననక్కరలేదు, ఎవరింట్లోనైనా మూరెడు కొమ్మ అడగండి. పాలు ఆరేలా వారం రోజులు నీడన పడేసి, ఆ తరువాత నాటాలి. కోసిన రోజే నాటితే మొదలు కుళ్లుతుంది. దానికి తడి గిట్టదు, మట్టి ఎత్తుగా పోసి పెట్టండి.

ప్రహరీ మీదికి కాగితపు పూలు పాకించండి. దానికి నీరు ఎక్కువైతే ఆకులే వేస్తుంది, కాస్త ఎండగడితేనే విరగబూస్తుంది. మా ఇంట్లో నిండా పూసిన ఏడాది మేం పదిహేను రోజులు ఊళ్లో లేని ఏడాదే. నేల మీద ఖాళీల్లో బిళ్లగన్నేరు వేస్తే దాని గింజలు అదే చల్లుకుంటుంది.

మల్లె లేకుండా మన వేసవి ఎలా గడుస్తుంది? దాన్ని మాత్రం పెద్ద కుండీలో పెట్టి బియ్యం కడిగిన నీళ్లు పోయండి. నీటిశుద్ధి యంత్రం నుంచి వృథాగా పోయే నీరు పోయకండి, బోరు నీటికన్నా అందులో ఉప్పు ఎక్కువ. డిసెంబరులో నీరు తగ్గించి కొమ్మలు కత్తిరిస్తే వేసవికి గుత్తులు గుత్తులుగా మొగ్గ తొడుగుతుంది. గులాబీలను ఈ నీటితో నేలలో పెట్టే ఆలోచన వదిలేయండి. మిగిలిన మందారానికి లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సబ్బు కలిపి సాయంత్రం ఆకుల అడుగున కొట్టండి.

సింగ్ నగర్, విజయవాడ:
నీరు నిలవడం గురించి నా అనుభవం కూడా చెబుతాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా పెరట్లో రోజుల తరబడి నీళ్లున్నాయి. బొప్పాయి, కరివేపాకు, దానిమ్మ మూడూ పోయాయి. కానుగ ఒక్క ఆకు కూడా రాల్చలేదు. నందివర్ధనం మోడువారి, సంక్రాంతి తరువాత మళ్లీ చిగిర్చింది.

గోరంట్ల పెరడు:
ధన్యవాదాలండీ. మరి ఈ ఆదివారం కానుగ తెచ్చెయ్యనా?

నల్లపాడు మాస్టారు:
రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, లేత మొక్కను తెచ్చి ఎండలో నిలబెడతారా? ఈ వారం మీరు చేయవలసింది గుంత. ముందురోజు రాత్రి ఆ చోట నాలుగు బిందెలు పోయండి, లేకపోతే గడ్డపార కూడా వంగుతుంది. మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు తీసి పది పదిహేను రోజులు ఎండనివ్వండి. తరువాత నిండా నీళ్లు పోసి మర్నాడు చూడండి. నీరు ఇంకా ఉంటే గుంతలో నాటకూడదు, మట్టి దిబ్బ మీద నాటాలి.

పూడ్చేటప్పుడు తీసిన నల్లమట్టినే వాడండి, నాలుగో వంతు చివికిన పశువుల ఎరువు కలపండి చాలు. సంచి కోసి, చుట్టుకున్న వేళ్లను కత్తితో రెండు మూడు చోట్ల నిలువుగా గీసి విడదీయండి. మీ సంపెంగకు జరగనిది ఇదే. మొదటి రెండు వేసవులూ నాలుగైదు రోజులకొకసారి నిండా పోయండి, రోజూ చెంబెడు వద్దు. మొదలు చుట్టూ జానెడు మందాన ఎండుటాకులో వరిగడ్డో పరవండి, కాండానికి తగలకుండా.

గోరంట్ల పెరడు (పద్దెనిమిది రోజుల తరువాత):
మాస్టారూ, నిన్న పొద్దున్న గుంత నింపాను. ఇవాళ చూస్తే ఇంకా జానెడు నీళ్లున్నాయి. మొన్న ఒక వాన కూడా పడింది. దిబ్బ ఎంత ఎత్తు పోయాలి? మొక్క ఇప్పుడు తేవచ్చా?

నల్లపాడు మాస్టారు:
గుంతను అదే మట్టితో పూడ్చేసి, దాని మీద అడుగున్నర ఎత్తు, ఐదడుగుల వెడల్పు దిబ్బ పోయండి. మొక్క తెచ్చి వారం రోజులు తూర్పు గోడ నీడన ఉంచండి, నర్సరీలో అది పచ్చ వల కింద పెరిగింది. ఒక్క వానకే నాటకండి. నేల ఇంకా కదులుతూ ఉంటుంది, బీట విచ్చుకుంటే లేత వేళ్లు తెగుతాయి. ఆ రోజు మణికట్టు దాకా చెయ్యి దూరిన బీట దగ్గరకు వెళ్లి చూస్తూ ఉండండి. చిటికెన వేలు కూడా దూరని రోజున నాటండి.