ఆగస్టు 15కి ఊళ్ళో తెర కట్టి ఏ సినిమా వేద్దాం?

మందస కుర్రోడు:
అందరికీ నమస్తే. ఈసారి ఆగస్టు 15కి మా యూత్ వోళ్ళం స్కూల్ గ్రౌండ్‌లో ప్రొజెక్టర్ పెట్టి స్వాతంత్ర్య పోరాటం సినిమా ఒకటి వేద్దామనుకుంటన్నాం. చిక్కేటంటే కుర్రోళ్ళు ఆర్ఆర్ఆర్ అంటన్నారు, అది అందరూ చూసీసిందే, పెద్దోళ్ళేమో ఫైట్లు కాదురా జనం పడ్డ కష్టం కనపడాలి అంటన్నారు. ఎందుకు తిరగబడ్డారో పిల్లలకి తెలిసేలాంటిది ఏదైనా చెప్పండి.

పార్వతీపురం మాష్టారు:
బాబూ, కృష్ణ గారి అల్లూరి సీతారామరాజు వెయ్యండి. 1974 సినిమా, తెలుగులో మొదటి సినిమాస్కోప్, మధ్యలో డైరెక్టర్ రామచంద్రరావు గారు పోతే మిగతాది కృష్ణే చూసుకున్నారు. మొదలెట్టే ముందు మాత్రం మైకులో రెండు ముక్కలు చెప్పండి, 1882 అటవీ చట్టం వచ్చాక మన్యంలో గిరిజనుల్ని పోడు, అంటే అడవి నరికి చేసే సేద్యం, చేసుకోనివ్వలేదు, ఘాట్ రోడ్డు పనికి సరిగ్గా కూలివ్వకుండా చాకిరీ చేయించుకున్నారు, ఆ మంటే 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్ మీద పడేదాకా ఎళ్ళింది. ఇది తెలీకపోతే పిల్లలకి బాణాలే గుర్తుంటాయి.

బొబ్బిలి బుల్లోడు:
మన జిల్లాల కథ ఉండగా ఎక్కడికో ఎందుకెళ్ళడం గురూ. బొబ్బిలి యుద్ధం వెయ్యండి, ఎస్వీ రంగారావు పాపారాయుడు!

కోట జంక్షన్:
ఇదిగో వచ్చీసాడు 😄 అది 1757 ముచ్చట, ఫ్రెంచోళ్ళ ఫిరంగులు పెట్టుకుని మనం మనం కొట్టుకున్నది, ఆగస్టు 15కి ఏం సంబంధం? మా విజయనగరం రాజుని విలన్‌గా చూపించడమే మీకు కావాలి. 1794లో ఈస్టిండియా కంపెనీకి కట్టాల్సిన పేష్కషు, అదే కప్పం, బకాయిల గొడవ ముదిరి చిన విజయరామరాజు పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యం మీద పోరాడి పోయాడు, అది ఎవడూ గుర్తుచెయ్యడు.

పలాస జీడి:
మీ గొడవలో మీరుండండి. తమ్ముడూ, నీది మందసే కదా, గుడారి రాజమణిపురం మీ మండలమే. జమీందారు అడవిలో కలప కొట్టుకున్నందుకు రైతుల్ని పట్టుకోడానికి పోలీసులొస్తే ఎదురు నిలబడి 1940 ఏప్రిల్ 1న పోలీసు కాల్పుల్లో పోయింది గున్నమ్మ. సినిమాకి ముందు ఓ అరగంట ఆ కథ జముకుల కథోళ్ళ చేత, అదే జముకు వాయిస్తా పాడి కథ చెప్పేవోళ్ళ చేత, చెప్పించు. నన్నడిగితే కొత్త చారిత్రక సినిమాల్లో రైతు పంచె మీద ఇస్త్రీ మడత కనిపించగానే నాకు టీవీ కట్టీయాలనిపిస్తది, మా భూమి సినిమా అలాక్కాదు, వెట్టి చాకిరీ చూస్తంటే కడుపులో తిప్పుతాది. కాకపోతే నిజాం కథ, చిన్నపిల్లలకి కాస్త బరువు.

మందస కుర్రోడు:
గున్నమ్మ గారి స్తూపం చూసాను గానీ ఇలా ఆలోచించలేదు, థాంక్స్ అన్నా. ముందు జముకుల కథ, తర్వాత అల్లూరి ఖాయం. బొబ్బిలి, విజయనగరం అన్నలు ఇద్దరూ రండి, ఎదురెదురు కుర్చీలు వేస్తాం. వానొస్తే ఏటి చెయ్యాలి మరి?

పార్వతీపురం మాష్టారు:
స్కూలు వరండాలో గోడకి తెల్ల దుప్పటి కట్టీయండి, చాలు.