ట్యాంక్‌లో ఇద్దరు పడి ఉన్నారు, నన్ను దిగనివ్వలేదు. ఏం చేసి ఉండాల్సింది?

ప్రశ్న:
అంబులెన్స్‌లో పారామెడిక్‌గా చేరి నాలుగు నెలలైంది. పోయిన వారం సెప్టిక్ ట్యాంక్‌లోకి దిగిన మనిషి పైకి రాలేదని, అతన్ని తీయడానికి దిగిన ఇంకొకాయన కూడా అక్కడే పడిపోయాడని కాల్ వచ్చింది. మూత దగ్గరికెళ్లి చూస్తే ఇద్దరూ కనిపిస్తున్నారు, ఒకాయన చెయ్యి కొంచెం కదులుతోంది. నేను బ్యాగ్ కింద పడేసి నిచ్చెన మీద కాలు పెట్టాను. మా సీనియర్ వెనక నుంచి నా బెల్ట్ పట్టుకుని లాగేశాడు. గాలి సిలిండర్లతో ఫైర్ వాళ్లు వచ్చేసరికి పదిహేను నిమిషాలు పట్టింది. ఈలోగా ఒకామె నా చొక్కా పట్టుకుని "మరి మీరెందుకొచ్చారయ్యా" అని అడిగింది. ఇద్దరిలో ఒకరే బతికారు. ట్రైనింగ్‌లో చెప్పినవన్నీ గుర్తున్నాయి కానీ పడుకుంటే ఆ చెయ్యే కనిపిస్తోంది. అలాంటి చోట మనం చేయగలిగింది ఏమీ లేదా? ఎక్కడ ఆగాలో ఎలా తెలుస్తుంది?

జవాబు 1:
తమ్ముడూ, మీ సీనియర్ ఆరోజు నీ ప్రాణం కాపాడాడు, ముందు అది నమ్ము. ఆ ట్యాంకుల్లో ఉండేది ఎక్కువగా హైడ్రోజన్ సల్ఫైడ్. మొదట్లో కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది, 100 పీపీఎం (అంటే పది లక్షల భాగాల గాలిలో వంద భాగాలు) దాటితే ముక్కు మొద్దుబారిపోయి ఆ వాసన కూడా తెలియదు, కాబట్టి వాసన రావట్లేదంటే గ్యాస్ లేదని కాదు. ఇంకా చిక్కగా ఉంటే రెండు మూడు శ్వాసల్లో మనిషి కుప్పకూలిపోతాడు. దానికి తోడు లోపల ఆక్సిజన్ సరిపడా ఉండకపోవచ్చు. మామూలు గాలిలో 20.9 శాతం ఉంటుంది, 19.5 కంటే తగ్గితేనే దిగకూడదంటారు. మన మాస్కులు, ఎన్95 సహా, గ్యాస్‌ని ఆపవు. అమెరికాలో కార్మికుల భద్రత మీద పరిశోధించే నియోష్ సంస్థ 1986లోనే చెప్పింది, ఇలాంటి ఇరుకు చోట్ల చనిపోయినవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడడానికి దిగినవాళ్లేనని. నువ్వు చూసిన రెండో ఆయన కూడా అలా దిగినవాడే కదా.

ఇక ఆ పదిహేను నిమిషాలు. చేతులు కట్టుకుని నిలబడాల్సిన టైమ్ కాదది. అన్నిటికంటే ముందు మూడో మనిషిని ఆపాలి, అన్నో తమ్ముడో దూకడానికి రెడీగా ఉంటాడు, అతన్ని పట్టుకోవడమే ఒక ప్రాణం కాపాడినట్టు. లోపల ఎంతమంది, ఎంతసేపైంది, ఏమైనా యాసిడ్ పోశారా అని అడిగి వెంటనే కంట్రోల్ రూమ్‌కి చెప్పాలి, ఇంకో అంబులెన్స్ అడగాలి. మూతకి దూరంగా, గాలి మన వెనక నుంచి వీచే వైపు స్ట్రెచర్, ఆక్సిజన్, అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించేది), సక్షన్ (నోట్లో, గొంతులో చేరినవి లాగేసేది) పరిచి పెట్టుకోవాలి, ఎందుకంటే పైకి తీసిన మరుక్షణం నుంచి పని మనదే. ఆ చెయ్యి కదిలిన మనిషిని గట్టిగా పిలిచి, పట్టుకోగలిగే స్థితిలో ఉంటే ఉచ్చు వేసిన తాడు వదలొచ్చు, అదీ మూత మీదకి మొహం వంచకుండా. మేం అలా ప్రయత్నించిన రెండుసార్లూ లోపలి మనిషికి పట్టుకునే శక్తి లేకపోయింది, అయినా తాడు బండిలో ఉండాల్సిందే.

బ్రిటన్ వాళ్లు మొదట్లో నేర్పిన 1-2-3 అనే లెక్క ఒకటుంది. కారణం తెలియకుండా ఒక్కరు పడి ఉంటే మామూలుగా వెళ్లు, ఇద్దరుంటే జాగ్రత్తగా వెళ్లు, ముగ్గురు అంతకంటే ఎక్కువైతే దగ్గరికి పోకు, వెనక్కి వచ్చి కబురు చెయ్యి. ఇరుకు చోటైతే మాత్రం ఒక్కరున్నా దిగొద్దు.

జవాబు 2:
పై మాటలకి ఇంకొంచెం కలుపుతాను. ట్యాంకర్ ప్రమాదమైతే బండి దిగే ముందు గాలి ఎటు వీస్తోందో చూడండి, ఎత్తు వైపు ఆపండి. క్లోరిన్, ఎల్‌పీజీ రెండూ గాలికంటే బరువు, పల్లంలోకే పాకుతాయి. ట్యాంకర్ మీది ఆరెంజ్ పలకపై నాలుగంకెల నంబర్ దూరం నుంచే చదివి చెప్పండి: 1203 పెట్రోల్, 1075 ఎల్‌పీజీ, 1005 అమోనియా, 1017 క్లోరిన్. ఎల్‌పీజీ ట్యాంకర్ మంటల్లో ఉంటే 1600 మీటర్ల దాకా ఎవరూ ఉండకూడదు. కరెంటు తీగ తెగి కారు మీద పడితే తీగ చచ్చిందని ఎవరు చెప్పినా నమ్మొద్దు, కరెంటు వాళ్లొచ్చి ఆపేదాకా లోపలివాళ్లని లోపలే ఉండమనండి. కారు అంటుకుంటే మాత్రం కారునీ నేలనీ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ కలిపి దూకి, పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ దూరం రమ్మనాలి.

ఇంకోటి, రోగి ఒంటి మీద ఉన్నది మనకీ అంటుతుంది. 1995 మార్చి 20న టోక్యో మెట్రోలో సారిన్ అనే నరాల మీద పనిచేసే విషం వదిలినప్పుడు, వెళ్లిన అంబులెన్స్ సిబ్బంది 1364 మందిలో 135 మందికి లక్షణాలు వచ్చాయి. రోగుల బట్టలు తీయకుండానే బండ్లలో ఎక్కించారు, లోపల గాలి ఆడలేదు. బట్టలు విప్పించి నీళ్లతో కడిగాకే ఎక్కించుకోండి, ఎంత తొందరైనా సరే.

అడిగినవారు:
చాలా థాంక్స్ అక్కా, అన్నా. గొడవ జరుగుతున్న ఇంటికి పిలిస్తే? రేపు నైట్ డ్యూటీ, అలాంటి కాల్స్ మాకు ఎక్కువ. టెన్షన్‌గా ఉంది.

జవాబు 2:
పోలీసులు వచ్చి సరే అనేదాకా ఇల్లు కనిపించనంత దూరంలో సైరన్, లైట్లు ఆపి ఉండండి. తలుపు కొట్టేటప్పుడు ఎదురుగా కాకుండా పక్కన నిలబడు. లోపల నీకూ గుమ్మానికీ మధ్యలోకి ఎవర్నీ రానివ్వకు. స్టెతస్కోప్ మెడలో వేసుకోవద్దు, లాగితే ఉరే. వంటగదిలో మాట్లాడాల్సి వస్తే మెల్లగా వేరే గదికి తీసుకురా, కత్తులుండేది అక్కడే. రేడియోలో "ప్రమాదం, సాయానికి రండి" అనడానికి బదులు వాడే ఒక మామూలు మాట మీ పార్ట్‌నర్‌తో ముందే అనుకోండి.

అడిగినవారు:
ఆ చొక్కా పట్టుకున్నామెకి ఏం చెప్పాల్సింది?

జవాబు 1:
ఉన్నదున్నట్టు. "అమ్మా, నేను దిగితే నేనూ పడిపోతా, అప్పుడు వాళ్లకి చూసేవాళ్లుండరు. గాలి సిలిండర్లున్నవాళ్లు దారిలో ఉన్నారు, పైకి రాగానే ఇదిగో ఇవన్నీ రెడీ." అంబులెన్స్‌లో వచ్చిన మన ఇద్దరిలో ఒకరు ఆ ఇంటివాళ్ల పక్కనే ఉండి ఈ మాట ఎన్నిసార్లైనా చెప్పాలి. ఇక ఆ చెయ్యి సంగతి మీ సీనియర్‌తోనే మాట్లాడు, ఆయనా చూశాడు. పది పదిహేను రోజులకీ నిద్ర పట్టకపోతే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లు, నేనూ వెళ్లాను.

రేపటి నైట్‌కి ఇంకొక్కటి. ఒకే ఇంట్లో అందరికీ తలనొప్పి, వాంతులంటే కార్బన్ మోనాక్సైడ్ అనుమానించు. వాసన రాదు, ఆక్సిమీటర్ కూడా అంతా బాగున్నట్టు 98 అని చూపిస్తూనే ఉంటుంది. ఆ గ్యాస్‌ని పసిగట్టే, బ్యాగ్‌కి తగిలించే అలారం ఉంటే ఇంట్లోకి వెళ్లకముందే ఆన్ చెయ్యి, మోగితే అందర్నీ తీసుకుని బయటికి వచ్చెయ్యి. దాని సెన్సర్‌కి గడువు తేదీ ఉంటుంది, డ్యూటీ ఎక్కగానే అది చూసుకో.